కృష్ణకుమారి పేరు మీద పెట్టెలు

ముందే చెబుతున్నాను, లక్ష్మీపతి గురించి నా నోట మంచి మాట రాదు. న్యాయంగా మాట్లాడే ఓపిక ఉన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళని అడగండి. కృష్ణకుమారి అక్కకి అతను చేసింది నేను కళ్ళారా చూశాను. అక్క తిరిగి ఇచ్చిందీ చూశాను. ఆ రెండోది చూసినప్పుడు కలిగినంత సంతోషం నాకు గ్రీన్ కార్డ్ వచ్చిన రోజు కూడా కలగలేదు.

అక్కది తెనాలి, నాది వరంగల్. మిషిగన్‌లోని ట్రాయ్‌లో మా ఇళ్ళు వెనకా ముందూ ఉంటాయి, రెండు పెరళ్ళకీ మధ్య కంచె లేదు. అక్క ఈ దేశానికి హెచ్-ఫోర్ వీసా మీద వచ్చింది. అంటే మొగుడికి ఉద్యోగం, పెళ్ళానికి డిపెండెంట్ అన్న పేరు. పని చేయకూడదు. ఇంట్లో ఒకే కారు, అది పొద్దున్నే అక్క భర్త మోహన్ గారితో ఆఫీస్‌కి పోయేది. కొత్తిమీర కట్ట కావాలన్నా ఆయన రావాలి, పిల్లాడికి జ్వరమొస్తే ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. ఆ రోజుల్లో అక్క మంచులో లైబ్రరీ దాకా నడిచి వెళ్ళి అడవి దారుల మ్యాపులు తెచ్చుకునేది. డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని వేలితో ఆ దారుల వెంట పోతూ ఉండేది.

"ఎప్పటికైనా ఒకచోట మొదలుపెట్టి ఇంకోచోట తేలాలే అనురాధా. ఎవర్నీ దింపమని అడక్కుండా, నా కాళ్ళతో నేను," అనేది.

నేను నవ్వేదాన్ని. నాకు మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళడమే పెద్ద నడక. కానీ అక్క ఆ మాట సరదాకి అనలేదు. వర్క్ పర్మిట్ వచ్చి, కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో చేరి, ఏ సామాను ఏ ట్రక్కులో ఏ పూటకి రావాలో చూసే ప్లానర్ అయ్యాక కూడా ఆ మ్యాపులు వదల్లేదు. కొడుకు కాలేజీకి వెళ్ళిపోయాడు, జుట్టు నెరిసింది, ఐసు మీద జారిపడి ఎడమ మోకాలు ఒకసారి దెబ్బతింది. కోరిక మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు లక్ష్మీపతి. మా ఊళ్ళో 'నడక మిత్రులు' అని ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది, దానికి అతనే అధ్యక్షుడు. ఎవరు ఎన్నుకున్నారని అడక్కండి, గ్రూప్ పెట్టింది అతనే, అంతే. శనివారాలు పార్కులో ఒక చుట్టు తిరిగి, ఎవరో ఒకరి ఇంట్లో ఇడ్లీలు తిని, ఫొటోలు పెట్టుకుంటారు. ఒక జనవరి శనివారం నాలుగో ఇడ్లీ తింటూ లక్ష్మీపతి ప్రకటించాడు. "ఈ సెప్టెంబర్‌లో యూపీలో లాంగ్ హైక్ కొడదాం!"

యూపీ అంటే ఉత్తరప్రదేశ్ కాదు. మిషిగన్‌కి పైన, పెద్ద వంతెన అవతల, లేక్ సుపీరియర్ పక్కన ఉన్న అడవులు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మనిషి కనపడడు. చెట్ల మీద నీలం రంగు పట్టీలు వేసి ఉంటాయి, వాటిని చూసుకుంటూ పోవడమే. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. తీరా లీవ్ పెట్టే వేళకి ముగ్గురు మిగిలారు: లక్ష్మీపతి, రఘు, అక్క. రఘు నోట్లో నాలుక లేని మనిషి, అక్క దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుని, అక్క రిఫరల్ మీదే ఉద్యోగం తెచ్చుకున్నవాడు.

ప్లాన్ అంతా అక్కే వేసింది. లక్ష్మీపతి టోపీలు ఆర్డర్ చేశాడు.

అక్క దారితో మొదలుపెట్టలేదు, ఆకలితో మొదలుపెట్టింది. మనిషి వీపు మీద ఎన్నాళ్ళ తిండి మోయగలడు, అది అయిపోయే చోట ఊరేదైనా ఉందా అని చూసింది. దారి మొత్తం మీద సరిగ్గా మధ్యలో ఒకే ఒక్క ఊరు తగిలింది. అందులో ఒక గ్యాస్ స్టేషన్, ఒక చర్చి, ఒక చిన్న పోస్టాఫీస్. ఆ పోస్టాఫీస్ మధ్యాహ్నం దాకానే తెరుస్తారని, ఆదివారం ఉండదని ఫోన్ చేసి తెలుసుకుంది. రెండో సగానికి కావలసిన తిండి పెట్టెల్లో ముందే అక్కడికి పంపేస్తే వాళ్ళు దాచి ఉంచుతారు. దారి బాగుచేసే వాలంటీర్లకి ఫోన్ చేసి బీవర్లనే నీటి జంతువులు ఎక్కడ ఆనకట్టలు కట్టాయో, ఎక్కడ దారి నీళ్ళలో మునిగిందో కనుక్కుంది. ఎవరికైనా కాలు విరిగితే ఏ కలప లారీల రోడ్డు మీదుగా బయటపడాలో కూడా మ్యాప్‌లో గీసింది.

ఇక వంట. వేసవంతా అక్క గరాజ్‌లో డీహైడ్రేటర్ గుయ్‌మంటూనే ఉంది. టమాటా పప్పు వండి, ట్రేలలో పలచగా పరిచి, అప్పడంలా ఎండబెట్టి, పొడిచేసి ప్యాకెట్లలో పోసేది. అడవిలో వేడినీళ్ళు పోస్తే మళ్ళీ పప్పు. ఉప్మా, చారు పొడి, మజ్జిగ పొడి, కందిపొడి, నెయ్యి పొట్లాలు. లక్ష్మీపతికి శనివారం ఉల్లిపాయ పనికిరాదు, అతని శనివారం ప్యాకెట్ విడిగా. రఘుకి కడుపులో మంట, అతనివన్నీ కారం తగ్గించి. తన ప్యాకెట్లలో మాత్రం గోంగూర పెట్టుకుంది. మిగతా ఇద్దరూ ఆ వాసనకి ఎలుగుబంట్లు వస్తాయేమోనని వద్దన్నారు. అబ్బో, ఏం ధైర్యవంతులు!

లక్ష్మీపతి ఇంట్లో ఆఖరి మీటింగ్‌లో నేనూ ఉన్నాను. టీవీలో క్రికెట్ నడుస్తోంది. అక్క స్పష్టంగా చెప్పింది: "పెట్టెలన్నీ నా పేరు మీద పంపిస్తున్నా. పోస్టాఫీస్‌లో ఐడీ చూసి, పేరు కలిస్తేనే ఇస్తారంట. ఒక్క పేరైతే ఒక్కళ్ళం వెళ్ళి తెచ్చుకోవచ్చు. సరేనా?"

లక్ష్మీపతి టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "తిండి డిపార్ట్‌మెంట్ మీదే అక్కా, మమ్మల్ని అడక్కండి."

కంచం ముందు కూర్చుంటే అన్నం అదే వస్తుందని నమ్మే జాతి. ఆ అన్నం ఎవరి చేతుల మీదుగా వస్తుందో చూసే అలవాటు ఏనాడూ లేదు.

పెట్టెలు పోస్టులో వెళ్ళిపోయాయి. ఆ మరుసటి శనివారమే, ఇడ్లీల దగ్గర, అందరి ముందూ, లక్ష్మీపతి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మీరేం అనుకోకూడదు. మా రాజీవ్ కాపెల్ నుంచి వస్తానంటున్నాడు. జిమ్ బాడీ. మీకా మోకాలు ప్రాబ్లం, మధ్యలో ఏదన్నా అయితే మాకు రిస్క్ కదా. మీరు ఇక్కణ్ణుంచే సపోర్ట్ టీమ్. పోస్టర్‌లో మీ పేరు కూడా వేయిస్తాను."

రాజీవ్ అంటే అతని బావమరిది. టెక్సస్‌లో ఉంటాడు. కొండలూ అడవులూ వాడు ఫోన్‌లో చూసినవే.

అక్క రఘు వైపు చూసింది. రఘు చట్నీ గిన్నెలోకి చూస్తూ ఇడ్లీ ముక్క నంజుకున్నాడు.

"నా ప్యాకెట్లు పెట్టెల్లో ఉన్నాయి కదా," అంది అక్క మెల్లగా.

"అవి రాజీవ్‌కి సరిపోతాయిలే అక్కా, వేస్ట్ కావు," అన్నాడు వాడు, వాడి దుంప తెగ. "వాడికి గోంగూరంటే ఇష్టం కూడాను."

అత్త సొమ్ము అల్లుడు దానం! జనం ఏరు దాటాక తెప్ప తగలేస్తారు, వీడు దాటకముందే తగలేశాడు. పెట్టెలు పోస్టయ్యేదాకా ఆగి మరీ చెప్పాడంటే ఆ బుద్ధి ఎలాంటిదో చూడండి. నాకు ఆ ఇడ్లీ పాత్ర తీసి వాడి నెత్తిన బోర్లించాలనిపించింది. అక్క మాత్రం "సరే" అంది. చెయ్యి కడుక్కుని వచ్చి కారెక్కింది. సీటు బెల్టు పెట్టుకోబోతే క్లిప్ పడలేదు, నేను పెట్టాను.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "అక్కా, నువ్వు ఊకుంటే ఊకో, నేనైతే ఊకోను! వానికి మస్తు పొగరెక్కింది. పోస్టాఫీస్‌కి ఫోన్ చేసి పెట్టెలు వాపస్ తెప్పియ్యి. అడవిల ఆకులు తింటరు!"

మోహన్ గారు కాఫీ కప్పు దించి, "కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా," అన్నారు. మంచాయనే, కానీ ఆ క్షణంలో ఆయన మీద కూడా నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు సాయంత్రం అక్క మా పెరట్లోకి వచ్చింది, చేతిలో మ్యాప్. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గొంతు మాత్రం మామూలుగా ఉంది.

"సెలవు పెట్టవే. వాళ్ళు తూర్పు చివర నుంచి వస్తారు. నన్ను పడమటి చివర దింపు. అట్నుంచి నేనొస్తా."

"ఒక్కదానివా?"

"ఒక్కదాన్నే. దారి నేను వేసిందేగా. శనివారం కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు తీసుకునిగానీ వాళ్ళు కదలరు. నేను ఒక రోజు ముందే బయల్దేరతా."

"పెట్టెలు?"

"నా పేరు మీదున్నాయి కదే. ఆరోజు చెప్పాను, నువ్వూ విన్నావు." ఆ మాటన్నాక ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకే కాస్త భయమేసింది.

చెప్పొద్దూ, ఆవిడని ఆ పడమటి చివర, పెద్ద పెద్ద చెట్ల కింద వదిలేసి కారు తిప్పుతుంటే నాకు ఏడుపొచ్చింది. లక్ష్మీపతి అన్న మాట నిజమైతే? మోకాలు ఆ అడవిలోనే మొండికేస్తే? వాడి నోట్లో మాట నిజం కావడం కన్నా ఘోరం ఇంకేముంది? శాటిలైట్ పరికరం ఒకటి ఉంది అక్క దగ్గర, దాంట్లోంచి రోజూ సాయంత్రం 'సరే' అని ఒక్క ముక్క పంపుతుంది. ఆ ముక్క కోసం ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది, ముక్క రాలేదు. ఆ పూట నేను లక్ష్మీపతిని తిట్టిన తిట్లు మా అత్తగారు వింటే చెవులు మూసుకునేది. పొద్దున్నే వచ్చింది: 'సరే. బట్టలు తడిశాయి. మోకాలికి గుడ్డ కట్టాను. నడుస్తున్నా.'

అనుకున్న రోజున నేను ఆ మధ్య ఊరికి వెళ్ళేసరికి అక్క నాకన్నా ముందే పోస్టాఫీస్ మెట్ల మీద కూర్చుని ఉంది. మొహం నల్లబడింది, కాస్త కుంటుతోంది. లోపల పోస్టుమాస్టరమ్మ అక్క లైసెన్స్ చూసి, వెనక్కి వెళ్ళి, నాలుగు పెట్టెలు ఒక్కొక్కటిగా తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. ఒక్కోళ్ళకి ఒకటి, ఒకటి అందరికీ కలిపి.

"ఇవన్నీ నీవేనా తల్లీ?" అంది ఇంగ్లీషులో.

"అన్నీ నావే," అంది అక్క.

పోస్టాఫీస్ పక్కనే ఒక చెక్క బల్ల ఉంది. అక్క దాని మీద చిన్న స్టవ్ వెలిగించి ఎసరు పెట్టింది. మనిద్దరమే కదా తినేది, ఇంత బియ్యం ఎందుకని అడిగితే, "ఉండవే" అంది.

పోస్టాఫీస్ మూసే వేళకి కాస్త ముందు ముగ్గురూ వచ్చారు. అయ్యో, ఆ వాలకం! దారి మునిగినచోట నీళ్ళలో దిగినట్టున్నారు, బట్టలు తడిసి ముద్దయ్యాయి. లక్ష్మీపతి టోపీ ఎక్కడో పోయింది. రాజీవ్ జిమ్ బాడీ ఒక కర్ర మీద వాలి వస్తోంది. రఘు పెదాలు ఎండిపోయాయి. మమ్మల్ని చూడకుండానే లోపలికి పోయారు. తలుపు తెరిచే ఉంది, అంతా వినపడింది.

"నాలుగు పెట్టెలు. కృష్ణకుమారి పేరు మీద."

"మీలో కృష్ణకుమారి ఎవరు?"

"ఆవిడ ఇంట్లో ఉంది. మా గ్రూపే. మేం కలిసి..."

"ఆవిడ పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళిపోయిందే!"

లక్ష్మీపతి బయటకొచ్చాడు. అప్పుడు చూశాడు. బల్ల మీద నాలుగు పెట్టెలు, పొగలు కక్కే అన్నం, అన్నం ముందు అక్క. ఆ మొహంలో రంగులు మారడం చూస్తుంటే నా కడుపు నిండిపోయింది.

"అక్కా! మీరా! దేవుడల్లే వచ్చారు," అన్నాడు. సిగ్గులేని జన్మ. "వీడు మొదటి నాలుగు రోజుల్లోనే అందరి ప్యాకెట్లూ ఊదేశాడక్కా. నిన్నట్నుంచి నీళ్ళే."

రాజీవ్ కర్ర మీద వాలి నేల చూపులు చూశాడు.

"గ్యాస్ స్టేషన్‌లో చూడకపోయారా?" అన్నాను నేను ముద్దుగా.

"చిప్స్ తప్ప ఏం లేవమ్మా. మిగతాదంతా బీఫే," అన్నాడు లక్ష్మీపతి.

అక్క లేచింది. ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను. "ఆకలిగా ఉన్నారు. కూర్చోండి," అంది.

ఇందుకా నేను ఇంత దూరం వచ్చింది? కానీ తెనాలిలో అక్క పుట్టింట్లో అదొక నియమం, ఆకలితో గుమ్మంలోకి వచ్చినవాడు శత్రువైనా విస్తరి వేయాల్సిందే. ముగ్గురికీ వడ్డించింది. టమాటా పప్పు, నెయ్యి, కందిపొడి, మజ్జిగ. గోంగూర కూడా. రఘు కంచంలో కారం లేని పప్పే వేసింది. లక్ష్మీపతి ఆవురావురుమని తింటుంటే మారు వడ్డించింది. రాజీవ్ గోంగూర మూడుసార్లు వేయించుకున్నాడు. నేను చెట్టు పక్కన నిలబడి పళ్ళు నూరుకున్నాను.

కడుపు నిండాక లక్ష్మీపతికి పాత గొంతు తిరిగొచ్చింది. త్రేన్చి, చేతులు తుడుచుకుని, పెట్టెల వైపు చెయ్యి చాపాడు. "ఇక మా వాటాలు బ్యాగుల్లో సర్దేస్తాం అక్కా. లేటవుతోంది."

అక్క ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.

"ఆకలికి పెట్టాను లక్ష్మీపతి గారూ. నడకకి పెట్టను."

అతను నవ్వాడు, జోకనుకుని. తర్వాత నవ్వు ఆగిపోయింది. "అదేంటక్కా? ఇంకా సగం దారుంది. పోస్టర్లు వేసేశాం, తెలుగు అసోసియేషన్ వాళ్ళు ఆ చివర సన్మానం పెట్టారు!"

"సన్మానం మీ డిపార్ట్‌మెంట్. తిండి నాది. మీరే అన్నారు."

"ముగ్గురి తిండి మీరొక్కరూ ఏం చేసుకుంటారు? వేస్ట్ కదా!"

"కానివ్వండి," అంది అక్క.

తన ప్యాకెట్లు తీసి బ్యాగులో సర్దుకుంది. మిగతా మూడు పెట్టెలూ టేపు వేసి నా కారు డిక్కీలో పెట్టించింది. ఊళ్ళో బస్సు లేదు, టాక్సీ లేదు. ఇంటికి పోవాలంటే ఉన్నది నా కారొక్కటే. ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది.

అప్పుడు రఘు లేచాడు. "అక్కా, నేను తప్పు చేశాను. వాళ్ళు వెళ్ళిపోనీ. నేను మీతో వస్తాను. మీ బ్యాగు నేను మోస్తాను, మీ మోకాలు..."

నిజం చెబుతున్నా, నా మనసు కరిగింది. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. అక్క బ్యాగు జిప్పు లాగింది.

"వద్దు రఘూ. నువ్వు కారెక్కు," అంది. బ్యాగు భుజానికి వేసుకుని, మొదటి నీలం పట్టీ ఉన్న చెట్టు దాటి తూర్పుకి నడిచింది. వెనక్కి తిరగలేదు.

నేను ఆ ముగ్గురినీ ఎక్కించుకుని ట్రాయ్‌కి బయల్దేరాను. పొద్దంతా పట్టే డ్రైవ్. తడి బట్టల్లో లక్ష్మీపతి వణుకుతూ, "అమ్మా అనురాధా, కాస్త హీటర్ వేస్తావా?" అన్నాడు. నేను నాలుగు అద్దాలూ దించాను.

మిగతా సగం అక్క పూర్తి చేసింది. తూర్పు చివర, ఆ ముగ్గురూ బయల్దేరిన రోజు ఫొటోల కోసం తెచ్చిన బ్యానర్ చుట్ట పార్కింగ్‌లో చెత్తడబ్బా పక్కన పడి ఉంది. చెట్ల మధ్య నుంచి అక్క కనపడేసరికి నేను పరిగెత్తాను, నేనంటే నేనే, పరిగెత్తాను. మోకాలు బూరెలా వాచింది. పెదాలు పగిలాయి. పట్టుకుంటే చంటిపిల్లలా నవ్వుతూ ఏడ్చింది. "వచ్చేశానే. మొత్తం నేనే నడిచానే," అని నా భుజం మీద అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

కార్లో కూర్చోబెట్టి, మోకాలి మీద ఐసు పెట్టి, మనసులో ఉన్నది అడిగేశాను. "అక్కా, రఘు మీద మాత్రం నాకు జాలేసింది. పాపం, ఏడ్చిండు. వాణ్ణైనా రానిస్తే ఏమయ్యేది?"

అక్క ఐసు ముక్క అటూ ఇటూ కదిలించుకుంది.

"వాడి మీదే నాకు ఎక్కువ కోపం. లక్ష్మీపతికి నేనొక మనిషినని ఎప్పుడూ తోచలేదు. రఘుకి తెలుసు. నాకు అన్యాయం జరుగుతోందని ఆ గదిలో తెలిసినవాడు వాడొక్కడే. తెలిసి చట్నీ నంజుకున్నాడు."

"ఇంకా పోలేదా కోపం? అంత దూరం నడిచినవ్ కదక్కా."

"ఎందుకు పోవాలి?" అంది నా వైపు తిరిగి. "పోతే మళ్ళీ పిలుస్తారు. పిలిస్తే మళ్ళీ వండుతాను. నా సంగతి నాకు తెలీదూ?"

సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుంది. వంతెన వచ్చేలోపే నిద్రపోయింది.